నీటిత్రోవలో ఇండ్లు



జహీరాబాదు నుండి వచ్చినవాడు వరదలను గూర్చి ప్రసంగించుటయా యని మీలో కొందఱు నవ్వుకొనవచ్చును. ఆ నవ్వు న్యాయమైనదే. మాది మెట్టప్రాంతము. ఎఱ్ఱనేలలు కొంత, నల్లరేగడి కొంత. జొన్న, కంది, శనగ, అల్లము, ఆలుగడ్డ, చెఱకు మా పంటలు. చెఱకునకు నీరు చాలునో చాలదో యని బోరుబావి చెంత కూర్చుండి కాలము గడపువారము. తూర్పు సముద్రము మాకు రెండువందల మైళ్లకు పైబడిన దూరమున నున్నది. తుపాను అను మాట చెవిని బడగానే మావారి మనస్సు దివిసీమకో, కోనసీమకో, ఒడిసాకో పోవునేగాని తమ పెరటివెనుక నున్న వాగుమీదికి పోదు. నేను చెప్పదలచినది సరిగా ఆ పెరటివెనుక వాగును గూర్చియే.

ఏటేట మునుగు ఊరివారు ఎత్తు చూచుకొని ఇల్లు కట్టుకొందురు. వారికి నీరు నేర్పిన చదువు అది. పదియేండ్లకొకమాఱు, ఇరువదియేండ్లకొకమాఱు నీరు వచ్చు ఊరిలో ఆ చదువు తండ్రి యెఱుగును, కొడుకు మఱచును. కఱవుసీమలో నీటిత్రోవ బయలుగా కనబడును. బయలు చూచినవానికి ఇంటిస్థలముగా తోచును. కావున మాబోటి మెట్టనాటివారికే ఈ ముప్పు ఎక్కువ యని నా యభిప్రాయము. ఉద్యోగరీత్యా కొలతగొలుసు పట్టుకొని చాలకాలము చెఱువుకట్టల వెంట తిరిగినవాడను గనుక ఈ మాట నోటిమాటగా చెప్పుట లేదు.

మొదట తుపాను సంగతి. అది సముద్రముపై పుట్టు సుడిగాలి. అట్లాంటిక్ మహాసముద్రములో పుట్టినదానిని హరికేన్ అనియు, చీనా జపాను సముద్రములలో పుట్టినదానిని టైఫూన్ అనియు, మన బంగాళాఖాతములో పుట్టినదానిని తుపాను అనియు పిలుతురు. పేర్లు వేఱుగాని పుట్టుక యొక్కటియే. వేడెక్కిన సముద్రజలము ఆవిరియై పైకెగయును. ఆ ఆవిరి మేఘముగా మాఱునపుడు వెలువడు వేడియే సుడిగాలికి ఆహారము. నేల నెక్కినంతనే ఆ యాహారము తగ్గిపోయి గాలి చల్లబడును. కాని అది మోసికొని వచ్చిన నీరెచటికి పోవును? వానగా దిగవలసినదే. అందుచేత తీరమువారికి గాలియు ఉప్పెనయు శత్రువులు. లోనాటివారికి వాన శత్రువు.

1977 నవంబరు 19వ తేదీన దివిసీమపై ఉప్పెన వచ్చి పదివేలకు పైబడిన ప్రాణములు పోయిన సంగతి మీలో పెద్దలు మఱచియుండరు. అచట చంపినది సముద్రము. 2020 అక్టోబరు 13వ తేదీ ఉదయము కాకినాడ సమీపమున తీరము దాటిన దానికి తుపాను అని పేరు పెట్టుటకు తగిన బలము కూడ లేదు. వాతావరణశాఖవారు దానిని తీవ్ర వాయుగుండము అని మాత్రమే పిలిచిరి. అది తెలంగాణము మీదుగా, ఉత్తర కర్ణాటకము మీదుగా పడమటి సముద్రమువైపు సాగిపోయెను. పోవుచు పోవుచు హైదరాబాదు తూర్పుభాగమున ఘటకేసరు ప్రాంతములో ఒక్క దినమున 30 సెంటీమీటర్లకు మించిన వాన కురిపించెను. నగరపు దక్షిణభాగమున చెఱువుల కట్టలు తెగినవి. ఆ రాత్రి ఇంటిలోనే నిద్రించుచున్నవారు నీటిపాలైరి. సముద్రము చూడని వీధులలో సముద్రపు నీరు ఈవిధముగా ప్రవేశించెను.

మాకు ఇంకను సమీపమైన నిదర్శనము మంజీర. ఈ నది మహారాష్ట్రములోని బీడు జిల్లా బాలాఘాటు గుట్టలలో పుట్టి, బీదరు మీదుగా మా జిల్లాలో ప్రవేశించి, కందకుర్తి వద్ద గోదావరిలో కలియును. మా నారింజ వాగు కూడ బీదరు వైపు పాఱి ఆ మంజీరలోనే కలియుచున్నది. 2016 వేసవిలో ఈ మంజీర పరీవాహములోనిదే యగు లాతూరు పట్టణమునకు రైలుబండిమీద త్రాగునీరు తేవలసి వచ్చెను. మా సింగూరు జలాశయము అడుగంటి పగుళ్లు పాఱినది. ఆ సంవత్సరమే సెప్టెంబరు నెలలో సింగూరు నిండి ద్వారములెత్తవలసి వచ్చెను. ఏప్రిలులో కుండ పట్టుకొని నిలిచినవాడే సెప్టెంబరులో మూట నెత్తిన బెట్టుకొని పరుగెత్తవలసి యుండుట మన నేల స్వభావము. దానిని వింతగా తలంచువాడు ఈ నేలను సరిగా చూడలేదని చెప్పవలెను.

తరువాత 2025 ఆగస్టు 27, 28 తేదీలు. కామారెడ్డి, మెదకు జిల్లాలపై కుండపోత వాన. కామారెడ్డి జిల్లాలోని కొన్నిచోట్ల ఒక్క దినమున 40 సెంటీమీటర్లు దాటెను. ఆ కామారెడ్డి మా జహీరాబాదు లోక్‌సభ నియోజకవర్గములోనిదే. రైలుపట్టాల క్రింది మట్టి కొట్టుకొనిపోయి పట్టాలు గాలిలో వ్రేలాడినవి. పట్టణములో క్రొత్తగా వెలసిన కాలనీలు మునిగినవి; అచట నిలిపిన కార్లు ఎండుటాకులవలె కొట్టుకొనిపోయినవి. మెదకు సమీపమున 1922లో పూర్తియైన పోచారము ఆనకట్టమీదుగా నీరు ప్రచండముగా దుమికినను ఆ పాతకట్టడము నిలిచెను. పాతది నిలిచి క్రొత్తది కూలుట యెందువలన? పనితనము సంగతి యట్లుండనిండు. పాతవారు నీరు దుముకుటకు చోటు విడిచిరి. క్రొత్తవారు ఆ చోటనే గోడ కట్టిరి.

ఈ విషయములో మన రాజధానికి కలిగినంత గట్టి పాఠము దక్షిణాపథములో మఱియొక నగరమునకు కలుగలేదు. 1908 సెప్టెంబరు 28. ఆఱవ నిజాము మహబూబలీఖాను కాలము. మూసీనది ఎగువ ప్రాంతమున శంషాబాదులో ఇరువదినాలుగు గంటలలో 12.8 అంగుళముల వాన కొలతకు వచ్చెను. నది హైదరాబాదు నగరపు నడిబొడ్డున ప్రవేశించి అఫ్జల్‌గంజి వంతెనను, ఆసుపత్రిని, దరి నున్న పేటలను ఊడ్చుకొనిపోయెను. సుమారు 15 వేల మంది చనిపోయిరని అంచనా. ఇప్పటి ఉస్మానియా ఆసుపత్రి యావరణలో నున్న చింతచెట్టు నెక్కి ఇంచుమించు నూటయేబదిమంది ప్రాణములు దక్కించుకొనిరి. ఆ చెట్టు నేటికిని పూజ్యముగా చూడబడుచున్నది.

ఆ తరువాత నిజాము ప్రభుత్వమువారు మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారిని రప్పించిరి. ఆయన నగరములో నిలిచి గోడలెత్తుగా కట్టుడని చెప్పి పోలేదు. మూసీకి నీరు పంపు నేల యంతయు పరిశీలించెను. ఆ పరీవాహములో 788 చెఱువులున్నవి. వానిలో 221 తెగినట్లు ఆయన పరిశీలనలో తేలెను. ఇదియే అందలి కీలకము. పై చెఱువు తెగిన, ఆ నీరు క్రింది చెఱువుమీద పడును, అదియు తెగును, దానిక్రింద మఱియొకటి. గొలుసు తెగినట్లు వరుసగా తెగి, ఒక్కొక్క చెఱువు చిన్నదైనను అన్నియు కలిసి ఒక మహానది యగును. ఆయన సలహా ననుసరించి నగరమునకెగువన 1920లో ఉస్మాన్‌సాగరము, 1927లో హిమాయత్‌సాగరము పూర్తియైనవి. ఆ రెండును వరదను పట్టియుంచుటకే మొదట ఉద్దేశింపబడినవి. త్రాగునీరు ఆ వెనుకటి లాభము.

అంతవఱకు కథ గొప్పగానే యున్నది. అటుపిమ్మట జరిగినది వినుడు. జలాశయములు కట్టిరి గదా యని మూసీగర్భములోనికే ఇండ్లు దిగినవి. రక్షణ కలిగిన కొలది ధైర్యము పెరిగి, ధైర్యము పెరిగిన కొలది ప్రమాదమునకు చేరువయైరి. 2025 సెప్టెంబరు చివర ఆ రెండు జలాశయముల ద్వారములు తెఱచి నీరు విడిచినప్పుడు మహాత్మాగాంధీ బస్సు స్టేషను ప్రాంగణములోనికి నీరు వచ్చి ప్రయాణికులు చిక్కుకొనిరి. జలాశయము వరదను ఆపుననుకొనుట సగము నిజము. నిండిన జలాశయము వచ్చిన నీటిని వచ్చినట్లే క్రిందికి పంపవలసి యుండును.

ఇక మన ఊళ్ల సంగతికి వత్తము. కట్ట, తూము, మత్తడి, మత్తడి కాలువ, శిఖము: చెఱువునకు ఈ యైదు అవయవములు. తూము పొలమునకు, మత్తడి ప్రాణమునకు. చెఱువు నిండిన పిమ్మట మిగులునీరు కట్టను త్రెంపకుండ దుమికిపోవుటకు ఏర్పఱచినది మత్తడి. ఆ నీరు దిగువ చెఱువునకు పోవు త్రోవ మత్తడి కాలువ. నిండుకాలమున నీరు నిలిచి, ఎండకాలమున బయలుపడు నేల శిఖము. శిఖములో వేసవిపంట వేసికొనుట పూర్వమునుండి కలదు. అందు దోషము లేదు. కందిచెట్టు మునిగినచో ఒక పంట పోవును. ఇల్లు మునిగినచో ఒక తరము సంపాదన పోవును. పూర్వము నీరటివాడు ఈ యైదింటికి కాపరి. వానకాలపు రాత్రి గొంగడి కప్పుకొని కట్టమీద పండుకొనువాడు అతడే. ఏ సంవత్సరము నీరు ఏ రాయి వఱకు వచ్చెనో అతనికి కంఠస్థము.

మా ప్రాంతమున ఒక ఊరు; పేరు చెప్పనక్కఱలేదు, మీ ఊరనుకొనుడు. అందొక కుంట పదునొకండేండ్లు నిండలేదు. దాని మత్తడి కాలువ ముండ్లచెట్లతో పూడిపోయెను. పట్టణమునుండి ఒక వ్యాపారి వచ్చి, ప్రక్కపొలము కొని, పొలముతో పాటు కాలువను కూడ చదును చేయించి, తెల్లసున్నము పూసిన రాళ్లు నాటించి స్థలములుగా అమ్మెను. కొన్న పడుచువానితో ఆ ఊరి ముసలి నీరటి యన్న మాటలు నేను చెవులార వింటిని. “బిడ్డా, ఇది నీళ్ల జాగ. కుంట ఎండింది గని సచ్చిపోలే. మత్తడి దుంకిననాడు నీ దర్వాజ అడిగి రాదు.” దానికి ఆ పడుచువాడు, “తాతా, ఇప్పుడు వానలెక్కడియి? నీ కాలం పోయింది,” అనెను. మర్యాద తప్పి యనలేదు. నిజముగా నమ్మియే యనెను. రెండేండ్లకు ఒక భాద్రపదమాసపు రాత్రి మత్తడి దుమికినది. అయిదిండ్లలోనికి కిటికీ మట్టము వఱకు నీరు వచ్చెను. గోడలు సిమెంటువి గనుక కూలలేదు. లోపలి బియ్యము, విత్తనపు మూటలు, ఎరువుబస్తాలు, కూతురి పెండ్లికి కొని దాచిన సామాను, పట్టాపుస్తకము అన్నియు బురదయైనవి. నష్టము వ్రాయవచ్చినవారు గోడలు నిలిచియుండుట చూచి పట్టికలో వ్రాయక పోయిరి. ఆ అయిదిండ్లలో ఒక్కదానికిని బీమా లేదు.

ఇట్టి స్థలములకు శాసనము లేదనుకొనకుడు. 2012లో వెలువడిన భవననిర్మాణ నియమములలో ఈ దూరములు స్పష్టముగా నున్నవి. పది హెక్టార్లు, అంతకు మించిన చెఱువు పూర్తి నీటిమట్టపు హద్దునుండి 30 మీటర్లలోపల ఇల్లు కట్టరాదు. అంతకన్న చిన్న చెఱువు, కుంట, శిఖము విషయములో 9 మీటర్లు. పది మీటర్లకు మించిన వెడల్పుగల కాలువ, వాగు, నాలాలకు 9 మీటర్లు. అంతకన్న ఇఱుకైనవానికి 2 మీటర్లు. నదియైనచో పురపాలక సంఘముల హద్దులలో 50 మీటర్లు, వెలుపల 100 మీటర్లు. ఈ అంకెలు మీలో అక్షరజ్ఞానము గలవారు ఒక కాగితముమీద వ్రాసి పంచాయతి గోడకు అంటింపవలెనని నా కోరిక. కొలువవలసినది నేడు కనబడు నీటి యంచునుండి కాదు, చెఱువు నిండినప్పటి యంచునుండి. అమ్మువాడు వేసవిలోనే స్థలము చూపుట యెందుకో దీనివలన బోధపడును.

నిండినప్పటి యంచు ఎక్కడ? సర్కారు నక్షలో నున్నది, సేత్వారులో నున్నది, టీపనులో నున్నది, 1954-55 నాటి ఖాస్రా పహాణీలో శిఖమని వ్రాసియున్నది. కాగితము తెచ్చుకొనుట కొంత శ్రమ. పెద్దల జ్ఞాపకములో నున్నది తెచ్చుకొనుటకు దరఖాస్తు అక్కఱలేదు. కాని ఆ పెద్దలు గతించినచో మఱి దొరకదు. ఆ విషయములో మీరు మౌనముగా నుండుట ధర్మము కాదని విన్నవించుచున్నాను. స్థలము అమ్ముడుపోవునప్పుడు పెద్దమనుష్యులుగా సాక్షిసంతకము చేయుటకు మిమ్ములనే పిలుతురు. సంతకము చేయుచేతితోనే నీరు వచ్చిన రాయి చూపవచ్చును గదా!

ఇక బీమా. పంట బీమా పేరు మన రైతులు వినియున్నారు. దానివలన కొందఱకు మేలు, కొందఱకు నిరాశ కలిగినవి. ఇంటిబీమా వేఱు. దాని లెక్క సులభము. నూఱిండ్ల ఊరిలో ఏటికొక్క ఇల్లు కాలునని అనుకొందము. ఏ ఇల్లో తెలియదు గనుక నూర్గురును కొంచెము కొంచెము ఇచ్చి ఒక నిధి చేయుదురు. కాలినవాడు దానినుండి ఇల్లు కట్టుకొనును. మన ఊళ్లలో చీటీలు వేసికొను పద్ధతి యెఱిగినవారికి ఇది క్రొత్త కాదు. నిప్పు విషయములో ఈ లెక్క చక్కగా నడచును. నీటి విషయములో చిక్కు వచ్చును. నీరు నూఱిండ్లలో ఒక్కదానికి రాదు. పల్లపు వాడకంతటికి ఒక్కసారి వచ్చును. మిట్టనున్నవాడు నాకేల యని చేరడు. పల్లమునున్నవారే చేరుదురు. అందఱు నష్టపోవువారే చేరిన చీటీ నిలుచునా?

అమెరికాలో సరిగా ఇదియే జరిగెను. 1927లో మిసిసిపీ నదికి వచ్చిన మహావరద తరువాత అచటి బీమా కంపెనీలు ఇండ్ల వరదబీమా నుండి చాలవఱకు తప్పుకొనినవి. 1965లో బెట్సీ యను హరికేన్ దక్షిణతీరమును ముంచిన పిమ్మట, 1968లో ప్రభుత్వమే చట్టముచేసి వరదబీమా నడుప నారంభించెను. అందొక మంచి నిబంధన పెట్టిరి: ఏ ఊరు వరదనేలలో కట్టడములకు నియమములు ఏర్పఱచుకొనునో ఆ ఊరివారికే ఈ బీమా. ఇంకొకటి: బీమా తీసికొనిన ముప్పది దినములకుగాని అది సాధారణముగా అమలులోనికి రాదు, మబ్బు చూచి కొనువానికి అది పనికిరాదు. ఇంత చేసినను ఫలితము పూర్తిగా దక్కలేదు. బీమా రుసుము నిజమైన అపాయమునకు తగినంత లేకపోవుటచేత కొన్ని ఇండ్లు మునుగుట, సొమ్ము తీసికొని అక్కడనే కట్టుట, మఱల మునుగుట ఆచారమయ్యెను. 2005లో కత్రినా హరికేన్ న్యూ ఆర్లియన్సును ముంచగా ఆ నిధి అప్పులపాలయ్యెను. 2017లో వారి శాసనసభ 1,600 కోట్ల డాలర్ల అప్పును కొట్టివేయవలసి వచ్చెను. ఎంత ధనిక దేశమైనను నీటిత్రోవలో నిలిచిన ఇంటికి ఎల్లకాలము ధనము పోయలేదు. ఈ కథ మనవారు బీమా మాని వేయుటకై చెప్పలేదు. బీమా దేనికి పనికివచ్చునో, దేనికి పనికిరాదో తెలియుటకై చెప్పితిని.

మన దేశములో 2021 ఏప్రిలు 1వ తేదీనుండి ‘భారత్ గృహ రక్ష’ యను ఒకే తీరు ఇంటిబీమాను సాధారణ బీమా కంపెనీలన్నియు అమ్మవలెనని బీమా నియంత్రణ సంస్థవారు ఏర్పాటు చేసిరి. ఆ సంస్థ ప్రధాన కార్యాలయము మన హైదరాబాదులోనే యున్నది. అగ్ని, పిడుగు, భూకంపము, తుపాను, గాలివాన, వరద, ముంపు మున్నగునవి ఈ బీమాలో చేరియున్నవి. ఇంటిలోని సాధారణ సామానునకు వేఱుగా జాబితా వ్రాయకున్నను, ఇంటికి చేసిన బీమా మొత్తములో నూటికి 20 వంతు, పది లక్షల రూపాయలకు మించకుండ వర్తించును. పది సంవత్సరముల వఱకు ఒక్కసారియే తీసికొనవచ్చును. పూర్వపు పద్ధతిలో పది లక్షల ఇంటికి అయిదు లక్షలకే బీమా చేసినచో, రెండు లక్షల నష్టమునకు ఒక్క లక్షయే ఇచ్చెడివారు. ఈ బీమాలో ఆ కోత లేదు.

జ్ఞాపకముంచుకొనవలసిన సంగతులు మఱికొన్ని. బీమా ఇంటికేగాని నేలకు కాదు; స్థలము కొన్న ధర అందు చేరదు, కట్టుబడి ఖర్చే చేరును. తడికల గోడలు, గడ్డి కప్పులు గల ఇంటికి బీమా ఇత్తురో లేదో ముందే యడిగి, జవాబు కాగితముమీద తీసికొనవలెను. బ్యాంకు అప్పుతో కట్టిన ఇంటికి బ్యాంకువారే బీమా చేయించియుందురు. అది ఇంటికంతకా, అప్పు మిగిలినంతకేనా యని విచారింపవలెను. చాలమందికి తమ ఇంటికి బీమా కలదన్న సంగతియే తెలియదు! నీరు తగ్గినవెంటనే బురద కడుగకముందే నీటిగుఱుతు కనబడునట్లు ఫోటోలు తీయించి, ఆలస్యము లేక కంపెనీకి తెలుపవలెను. వారు పంపు సర్వేయరు చూచినగాని సామాను పాఱవేయరాదు. న్యాయము జరుగలేదని తోచినచో బీమా అంబుడ్స్‌మన్ అను అధికారి హైదరాబాదులో కలడు. ఆయనకు విన్నవించుకొనుటకు రుసుము లేదు.

ప్రభుత్వమిచ్చు సహాయమునకు, బీమాకు గల భేదము కూడ చెప్పవలెను. 2022 మొదలు 2026 వఱకు కేంద్రప్రభుత్వము నిర్ణయించిన ప్రమాణముల ప్రకారము మైదానప్రాంతములో పూర్తిగా కూలిన ఇంటికి 1,20,000 రూపాయలు. ఆ సొమ్ముతో ఇల్లు లేచునో లేదో మేస్త్రి నడిగిన చెప్పును. అది దయ, బీమా ఒప్పందము. దయకు ఎదురుచూడవచ్చును, ఒప్పందమును అడుగవచ్చును.

‘నూఱేండ్ల వరద’ అను మాట పత్రికలలో కనబడుచుండును. నూఱేండ్లకొకసారి వచ్చును, మొన్ననే వచ్చినది గనుక మఱి మన జన్మలో రాదు అని పొరబడువారు చాలమంది. ఆ మాటకు అర్థమది కాదు. ప్రతి సంవత్సరము నూటికొక వంతు వచ్చు నవకాశము కలదని అర్థము. గవ్వ మొన్న పడినది గదా యని నేడు పడుట మానదు. ఆ లెక్కను ముప్పది సంవత్సరములకు, అనగా ఒక ఇంటి అప్పు తీరు కాలమునకు, కట్టి చూచినచో నాలుగింట ఒక వంతునకు మించిన అవకాశము తేలును. నాలుగిండ్లలో ఒకదానికి ఆ అనుభవము తప్పదన్నమాట. వానల తీరు మాఱి కొద్ది గంటలలోనే కుండపోతగా కురియుట హెచ్చుచున్న ఈ కాలమున ఆ లెక్క ఇంకను తక్కువ చెప్పుచున్నదేమో!

ఇప్పటికే పల్లములో కట్టుకొనినవారు ఏమి చేయవలెను? ఇల్లు ఎత్తి మిట్టమీద పెట్టలేరు. చేయదగిన పనులు కొన్ని లేకపోలేదు. క్రొత్తగా కట్టువారు తెలిసినంతలో మిక్కిలి హెచ్చుగా వచ్చిన నీటిగుఱుతునకు పైన మఱి రెండడుగులు గచ్చుమట్టము పెట్టుకొనవలెను. మట్టిగోడ వానకు పైనుండి తడిసినచో కొంత ఓర్చుకొనును. మొదలు నానినచో ఓర్వదు. కావున నీరు నిలుచునంత ఎత్తువఱకు రాయి, సిమెంటుతో మొదలు కట్టి ఆపైన మట్టిగోడ లేపవలెను. గాదె, విత్తనపు మూట అటకమీద. పట్టాపుస్తకములు, బీమా కాగితములు రేకుపెట్టెలో, అదియు అటకమీదనే. విద్యుత్తు మీటరు నిలిచినవాని తలయెత్తున. ఇవి పెద్ద ఖర్చులు కావు.

ఊరి బాటల విషయములో ఒక్క మాట. పాత సిమెంటు బాటమీదనే క్రొత్తబాట, దానిపై మఱియొకటి వేయుట మన పంచాయతులలో వాడుక. ప్రతిసారి బాట అరచేయి మందము లేచును. ఇల్లు ఉన్నచోటనే యుండును. మూడు బాటలైన పిమ్మట మూడు మెట్లెక్కి పోవలసిన ఇంటిలోనికి ఇప్పుడు ఒక మెట్టు దిగి పోవలసి వచ్చుచున్నది. వాననీరు కాలువలోనికి పోవుటకు మాఱుగా వాకిటిలోనికి వచ్చును. పాతబాటను త్రవ్వి తీసి క్రొత్తది వేయుడని గుత్తేదారుతో చెప్పువారు పెద్దలలో ఒక్కరైనను ఉండవలెను. నేను చూచినంతలో ఈ ఒక్క కారణముచేతనే నీరు సోకిన ఇండ్లు వాగు ముంచిన ఇండ్లకన్న తక్కువేమి కావు.

మృగశిర కార్తె ప్రవేశించుటకు పూర్వము ఒక సాయంకాలము మీ ఊరి చెఱువుకట్టమీదుగా మత్తడి వఱకు, అచటినుండి మత్తడి కాలువ వెంట దిగువ చెఱువు వఱకు నడచి రండు. వెంట ఇద్దఱు బడిపిల్లలను, నక్ష దొరికినచో నక్షను, మీ ఊరిలో నీరటి వంశపువాడు మిగిలియున్నచో అతనిని తీసికొని పొండు. ఏ యేట నీరు ఎంతవఱకు వచ్చెనో మీకు జ్ఞాపకమున్నంతవఱకు పిల్లలచేత రాళ్లమీద, బడిగోడమీద, గుడి అరుగుమీద సంవత్సరముతో సహా గీతలు గీయించుడు. త్రోవలో సున్నపురాళ్లు నాటియున్నచో అవి ఎవరివో, ఏ సర్వే నంబరులోనివో వ్రాసికొని గ్రామసభలో చదివి వినిపింపుడు. ఆ స్థలము కొనదలచినవాడు ఆ సభలో కూర్చుండియుండవచ్చును.